తెల్లవారితే గురువారం: ఒక టెంట్ హౌస్ గోడౌన్ లెక్క

2022 డిసెంబరు, మార్గశిర ముహూర్తాలు జోరుగా నడుస్తున్నాయి. తణుకు దగ్గర పల్లెలో ఒక పెళ్లింటి నుంచి ఉదయం పదింటికి టెంట్ హౌస్‌కి ఫోనొచ్చింది. "కుర్చీలు ఇంకా రాలేదేంటండీ, మధ్యాహ్నం భోజనాలకి చుట్టాలంతా దిగిపోయారు." షాపు యజమాని పుస్తకం తీసి చూసుకున్నారు. ఆ పెళ్లి గురువారం అని రాసి ఉంది. ఆ రోజు బుధవారం.

తప్పు ఎవరిదీ కాదు. శుభలేఖలో ఉన్నది ఇలా: బుధవారం రాత్రి 2 గంటల 38 నిమిషాలకు, తెల్లవారితే గురువారం. పెళ్లివారు ఫోనులో "గురువారం ముహూర్తం" అన్నారు, ఆయన గురువారం అని రాసుకున్నారు. సామాను దిగాల్సింది మాత్రం మంగళవారం సాయంత్రానికి. ఆ నాలుగు వందల కుర్చీలేమో అత్తిలి వైపు ఇంకో పెళ్లిలో ఉన్నాయి. ఆయన పక్క ఊళ్ల నుంచి రెండు షాపుల్లో రెట్టింపు అద్దెకి కుర్చీలు తెచ్చి, ఒంటిగంటకల్లా వేయించారు. పెళ్లివారి దగ్గర కుర్చీల డబ్బు తీసుకోలేదు. ఆ వారం పొడుగునా ఆయనకి సరిగ్గా నిద్రపట్టలేదని వాళ్లావిడ నాకు తర్వాత చెప్పారు.

నేను చిన్న వ్యాపారాలకు లెక్కలు రాస్తాను, పన్నుల పని చూస్తాను. ఆయన్ని బాబాయిగారు అని పిలుస్తాను, ఆవిడ పిన్నిగారు. ఆ సంఘటన అయిన పది రోజులకి ఆయన నా దగ్గరికొచ్చి, "అబ్బాయ్, నాకు కంప్యూటర్ పెట్టించు, ఇలా కుదరదు" అన్నారు. అక్కడ మొదలైన పని ఇది. షాపు పేరు, ఊరు పేరు రాయను. మిగతాదంతా జరిగినట్టే రాస్తున్నాను. నా పొరపాట్లు కూడా ఇందులోనే ఉన్నాయి.

ముప్పై ఏళ్ల షాపు అది. రెండు గోడౌన్లు, ఏడాది పొడుగునా ఉండే ఆరుగురు మనుషులు, సీజన్లో ఇంకో పది పన్నెండు మంది కూలీలు. సామాను ఎక్కించేది, దించేది, లెక్క చూసేది ఒక మేస్త్రీ. ఏ గుండిగ ఎక్కడుంది, ఏ షామియానాకి చిరుగు పడింది, ఎవరు బాకీ, ఎవరు అడ్వాన్సు ఇచ్చారు, ఇదంతా బాబాయిగారి తలలో ఉంటుంది. ముప్పై ఏళ్లు అది చక్కగానే నడిచింది, ఎందుకంటే రోజుకి రెండు పెళ్లిళ్లే. కల్యాణ మండపాలు పెరిగి, ఒకే ముహూర్తానికి అయిదు చోట్ల నుంచి పిలుపు రావడం మొదలయ్యాక ఆ తల సరిపోలేదు. సీజన్లో ఆయన ఫోను రోజుకి వంద సార్లు మోగేది. అందులో సగం వాళ్ల సొంత మనుషులవే: "గంగాళాలు ఎన్ని వెయ్యమంటారు?" "బండి ఎటు పంపమంటారు?"

ముందుగా చేసింది లెక్కపెట్టడం. డిసెంబరు ఆఖర్లో పుష్యమాసం వచ్చింది. ఆ నెలలో పెళ్లిళ్లు ఉండవు, సామాను దాదాపు అంతా గోడౌన్‌లోనే ఉంటుంది. రెండు రోజులు నేను, వాళ్ల చిన్నబ్బాయి, మేస్త్రీ కలిసి ప్రతి వస్తువూ బయటికి తీసి లెక్కపెట్టాం. కుర్చీలు 1,400 ఉన్నాయని బాబాయిగారి నమ్మకం. లెక్కకి 1,163 తేలాయి, వాటిలో 60 కాలు విరిగినవి. స్టీలు గ్లాసులు రెండు వేలు కొన్న బిల్లులున్నాయి, 1,310 కనిపించాయి. వింత ఏంటంటే మాది కాని గుండిగలు నాలుగు, బూరెల మూకుడు ఒకటి తేలాయి. వాటి మీద వేరే షాపు అక్షరాలు చెక్కి ఉన్నాయి. అంటే మన సామాను కూడా ఎవరిదో గోడౌన్‌లో ఇలాగే పడి ఉందన్నమాట. ఆ గుండిగలు మర్నాడే తిరిగి పంపించేశారు. దానికి బదులుగా మనవి రెండు వచ్చాయి.

ఆ లెక్క చూశాక కూడా నేను తప్పుదారే పట్టాను. ఆయన కంప్యూటర్ అడిగారు, నాకు కంప్యూటర్ వచ్చు. అందుకని చిన్నబ్బాయి ఫోనులో తెరుచుకునేలా ఒక పట్టిక తయారుచేసి ఇచ్చాను: సామాను పేరు, ఉన్నది, పోయింది, మిగిలింది. మాఘమాసం మొదలయ్యాక మూడు వారాలకి అది చచ్చిపోయింది. అర్ధరాత్రి లోడు ఎక్కుతున్నప్పుడు చిన్నబ్బాయి ఇంకో మండపం దగ్గర ఉంటాడు. లోడు ఎక్కించేది మేస్త్రీ, ఆయన దగ్గర మామూలు ఫోను. సామాను కదిలేది ఒక చోట, లెక్క రాసేది ఇంకో చోట. మధ్యలో మళ్లీ ఫోనులే. తలలో ఉన్న లెక్కని తెచ్చి ఇంకొకరి ఫోనులో పెట్టాను, అంతకుమించి చేసిందేమీ లేదు.

ఆ తర్వాత వారం రోజులు రాత్రిపూట గోడౌన్ దగ్గరే కూర్చున్నాను. అక్కడ నాకు అర్థమైంది ఒక్కటే. సామాను ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారే క్షణాలు నాలుగున్నాయి: గోడౌన్ నుంచి బండికి, బండి నుంచి పెళ్లింటికి, పెళ్లింటి నుంచి బండికి, బండి నుంచి గోడౌన్‌కి. పోయేది, విరిగేది, గొడవ అయ్యేది అంతా ఈ నాలుగు చోట్లే. రాత ఉండాల్సింది కూడా అక్కడే, ఆ చేతులతోనే.

స్లిప్పు

కార్బన్ కాగితం పెట్టుకునే రెండు కాపీల పుస్తకం అచ్చు వేయించాం. తెల్ల కాగితం పెళ్లివారికి, గులాబీ కాగితం గోడౌన్‌కి. మొదటిసారి సామాన్లని నేను అద్దె రేటు వరసలో అచ్చు వేయించాను, ఖరీదైనవి పైన. మేస్త్రీ దాన్ని చేతిలో తిప్పి చూసి, "ఇలా కాదండీ, బండి ఎక్కే వరసలో రాయండి" అన్నాడు. ముందు పైపులు, సరుగుడు బాదులు, తర్వాత షామియానాల మూటలు, తర్వాత టేబుళ్లు, కుర్చీల దొంతరలు, చివర్న గుండిగలు, గంగాళాలు, పొయ్యిలు. ఆ వరసలో ఉంటే కాగితం మీద వేలు జారుతూ పోతుంది, బండి నిండుతూ పోతుంది. మర్చిపోవడానికి చోటుండదు. వంద పుస్తకాలు పారేసి మళ్లీ వేయించాం. ఆ ఖర్చు నేనే పెట్టుకున్నాను, పొరపాటు నాది కాబట్టి.

మేస్త్రీకి అంకెలు రాయడం కష్టం, గీతలు గీయడం తేలిక. అందుకని కుర్చీలు దొంతరకి ఇరవై అని ఖాయం చేశాం. దొంతరకి ఒక గీత. అయిదు గీతలు కలిస్తే వంద. గ్లాసులు యాభై పట్టే ట్రేలలోకి మారాయి, ట్రేకి ఒక గీత. అంతకుముందు గ్లాసులు గోనెసంచుల్లో పోయేవి, వాటిని లెక్కపెట్టే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. ఈ ఒక్క మార్పు నాకు ఇప్పటికీ ఇష్టం. లెక్కపెట్టమని మనుషులకి చెప్పే ముందు, లెక్కపెట్టగలిగేలా సామాను సర్దాలి.

తర్వాత సంతకం సంగతి. పెళ్లికూతురి తండ్రి చేత సామాన్ల కాగితం మీద సంతకం పెట్టించుకోవడం కుదిరే పని కాదు. ఆయన చేతిలో ఆ రోజు ఎన్ని పనులుంటాయో అందరికీ తెలుసు. అయితే ప్రతి పెళ్లింట్లోనూ సామాన్లు చూసుకోమని ఒక బావకో మేనమామకో అప్పజెబుతారు. అందుకే బుకింగ్ రోజునే అడిగేస్తాం: "మీ తరఫున సామాను చూసుకునేది ఎవరండీ? వారి నంబరు ఇవ్వండి." దింపిన రోజు సంతకం ఆయనది, ఎత్తే రోజు లెక్కా ఆయన ముందే. ఇదివరకు సామాను గోడౌన్‌కి వచ్చాక లెక్కపెట్టి, తక్కువైనవి చూసుకుని, నాలుగు రోజుల తర్వాత ఫోను చేసేవారు. "మేమన్నీ ఇచ్చేశామండీ, మీ బండిలోనే పోయుంటాయి" అని జవాబు. ఇప్పుడు పెళ్లింటి వాకిట్లోనే, బండి ఎక్కకముందే లెక్క. గ్లాసు పోతే ఎంత, కుర్చీ విరిగితే ఎంత అనేది తెల్ల కాగితం వెనక ముందే అచ్చు వేసి ఉంటుంది. అయిదు గ్లాసుల దాకా బాబాయిగారు వదిలేస్తారు. ఆ మాట అచ్చులో లేదు.

మూడు తేదీలు

బుకింగ్ పుస్తకంలో ఒక్కో పెళ్లికి ఒకే తేదీ ఉండేది. దాన్ని మూడు చేశాం: సామాను వెళ్లే రోజు, ముహూర్తం, సామాను తిరిగొచ్చే రోజు. ముహూర్తం గడిలో శుభలేఖలో ఉన్నది ఉన్నట్టు రాయాలి, "తెల్లవారితే" అనే మాటతో సహా. శుభలేఖ ఫొటో వాట్సాప్‌లో వచ్చేదాకా బుకింగ్ ఖాయం కానట్టే.

పుస్తకం ఎక్కడుండాలన్న దాని మీద ఇంట్లో కొంత చర్చ జరిగింది. చివరికి పిన్నిగారి టేబుల్ మీద ఉండాలని తేలింది. నిజానికి ఆవిడ అప్పటికే ఒక చిన్న నోటు పుస్తకంలో అడ్వాన్సులు రాసుకుంటున్నారు. బాబాయిగారు భోజనం చేసేటప్పుడు వచ్చే ఫోన్లు ఎత్తేది ఆవిడే. షాపులో ఉన్న ఒకే ఒక్క రాతపూర్వక వ్యవస్థ అదే. ముప్పై ఏళ్లలో దాన్ని ఎవరూ వ్యవస్థ అనుకోలేదు. ఇప్పుడు బుకింగ్ ఆవిడ రాస్తేనే బుకింగ్. బాబాయిగారు టీ కొట్టు దగ్గర ఎవరికైనా మాటిచ్చినా, ఇంటికొచ్చి పుస్తకంలో ఖాళీ చూశాకే ఖాయం. మొదట్లో ఇది ఆయనకి ఇబ్బందిగానే అనిపించింది. ఊళ్లో మాటంటే మాటే అన్న మనిషి. రెండు నెలల తర్వాత, "మా ఆవిణ్ణి అడగాలండీ" అనడం ఆయనకీ హాయిగా ఉందని చెప్పారు.

మూడు తేదీలు రాయడం వల్ల అనుకోని లాభం ఒకటి వచ్చింది. అదే ఈ మొత్తం పనిలో పెద్దది.

2023 మాఘం, ఫాల్గుణం గడిచాక బాబాయిగారు ఇంకో అయిదు వందల కుర్చీలు కొంటానన్నారు, బ్యాంకు అప్పు తీసుకుని. కుర్చీ 550 రూపాయల చొప్పున 2,75,000. స్లిప్పులన్నీ ముందేసుకుని కూర్చున్నాం. కుర్చీ అద్దె 8 రూపాయలు. ఉన్న కుర్చీలు చాలక అడిగినవారిని వెనక్కి పంపిన రోజులు ఆ సీజన్లో 18. కొత్త అయిదు వందలూ ఆ 18 రోజులూ పూర్తిగా తిరిగినా వచ్చేది 72,000. అందులోంచి కూలి, బండి, విరిగినవాటి ఖర్చు తీసెయ్యాలి. అప్పు తీరేసరికి కుర్చీలు ఎండకి పెళుసెక్కి ఉంటాయి.

తేదీలు చూస్తే ఇంకో సంగతి బయటపడింది. ఒక్కసారి బయటికి వెళ్లిన కుర్చీ సగటున నాలుగు రోజులకి గోడౌన్ చేరుతోంది. ముందు రోజు వెళ్తుంది, పెళ్లి రోజు పని చేస్తుంది, తర్వాత రెండు రోజులు మండపం వెనక దొంతరలుగా పడి ఉంటుంది. ఎందుకంటే బండి దొరకదు, పూర్తి లోడు అయితే తప్ప మేస్త్రీ బండి పంపడు. కుర్చీ పని చేసేది ఒక్క పూట, కూర్చునేది మూడున్నర రోజులు. నాలుగు రోజుల బదులు మూడు రోజులే బయట ఉంటే, అవే కుర్చీలు మూడోవంతు ఎక్కువ తిరుగుతాయి.

అందుకని కుర్చీలు కొనలేదు. ముహూర్తం మర్నాడు ఉదయం ఆరింటికి, లోడు నిండినా నిండకపోయినా, ఒక చిన్న ట్రక్కు సామాను తిరిగి ఎత్తుకు రావడానికే వెళ్లేలా సీజన్ మొత్తానికి మాట్లాడుకున్నాం. రోజుకి 1,500 చొప్పున 38 రోజులకి 57,000. వరస ముహూర్తాల ఇబ్బంది దాంతో చాలావరకు తీరింది. ఒకే రోజు అయిదు పెళ్లిళ్లు పడితే మాత్రం బండి ఎంత తొందరగా తిరిగినా లాభం లేదు. దానికి వేరే దారి చూశాం. ఆషాఢంలో చుట్టుపక్కల మూడు టెంట్ హౌస్‌ల వారిని పిలిచి, కుర్చీలు, టేబుళ్లు ఒకరికొకరు ఏ రేటుకి ఇచ్చుకోవాలో కాగితం మీద రాసుకున్నారు. తీరిక సమయంలో మాట్లాడుకున్న రేటు వేరు, ముహూర్తం రోజు పొద్దున్న బతిమాలి తెచ్చుకున్న రేటు వేరు. నాలుగు షాపులూ కుర్చీ వెనక కాలికి తలో రంగు గీత వేసుకున్నాయి. మాది పసుపు.

నేను ఓడిపోయిన మాటలు

ప్రతి బుకింగ్‌కీ సగం అడ్వాన్సు అన్నాను. బాబాయిగారు పెళ్లిళ్లకి ఒప్పుకున్నారు, చావింటికి ఒప్పుకోలేదు. "పోయిన మనిషి వాకిట్లో ఉంటే అడ్వాన్సు ఏంట్రా" అన్నారు. చావు కబురు వస్తే గంటలో షామియానా, యాభై కుర్చీలు, ఫ్రీజర్ బాక్సు వెళ్లిపోవాలి. స్లిప్పు లేదు, సంతకం లేదు. దినం అయ్యాక వాళ్లే వచ్చి ఇస్తారు, ఇవ్వలేని వాళ్లు ఇవ్వరు. నేను వాదించాను, వ్యవస్థ అంటే అందరికీ ఒకటే ఉండాలని. ఏడాది తర్వాత లెక్క చూస్తే రానిది చాలా కొద్ది. అదీ కాక ఆ ఇళ్లలోంచే తర్వాత పెళ్లి బుకింగ్‌లు వచ్చాయి. అయితే దాని కోసమే ఆయన అలా చేస్తున్నారని అంటే అది ఆయనకి అన్యాయం. ఇప్పుడు ఆ సామాను వేరే పెట్టాం: రెండు షామియానాలు, వంద కుర్చీలు, గేటు పక్కనే. వాటిని ఎంత పెద్ద ముహూర్తమైనా పెళ్లికి తియ్యకూడదు. ఆయన మనసులో ఉన్న నియమమే అది, దానికి ఒక చోటు చూపించడమే నేను చేసింది.

ఇంకోటి పనివాళ్ల బోనస్. సామాను ఒక్కటి కూడా తగ్గకుండా తెస్తే స్లిప్పుకి 200 అదనం అని పెట్టాను. నెల తిరిగేసరికి విరిగిన కుర్చీలు మంచి దొంతరల మధ్యలో దాక్కుని రావడం మొదలైంది. ఒక పెళ్లిలో కుర్చీ విరిగి పెద్దాయన ఒకరు కింద పడ్డారు. దెబ్బ తగల్లేదు, అది అదృష్టం. ఆ రోజే బోనస్ నియమం మార్చాం. లెక్క ఎంత తగ్గినా సరే, స్లిప్పు అదే రోజు పూర్తిగా రాసి ఇస్తే 200. విరిగినవి దొంతరలో కాకుండా విడిగా తెచ్చి ఎర్ర పెయింటు డబ్బా దగ్గర పెట్టాలి. అప్పట్నుంచి నిజం రావడం మొదలైంది.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. యూపీఐ వచ్చాక పెళ్లివారు బాబాయిగారికి కొంత, చిన్నబ్బాయికి కొంత, ఒక్కోసారి మేస్త్రీ కొడుకు ఫోనుకి కొంత వేసేవారు. షాపు పేరు మీద కరెంటు ఖాతా తెరిచి ఒకే క్యూఆర్ స్లిప్పు మీద అచ్చు వేయించాం. స్లిప్పులు కూడితే 2024 జనవరికల్లా ఆ ఆర్థిక సంవత్సరం రాబడి 20 లక్షలకి దగ్గర పడుతోందని తెలిసింది. సేవలకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ గీత అదే. అంతకుముందు ఏళ్లలో ఎంత వచ్చిందో ఆయనకే తెలియదు. మామూలుగా ఈ అద్దెల మీద 18 శాతం పడుతుంది. రాబడి 50 లక్షల లోపు ఉన్న సేవల వాళ్లకి 2019 ఏప్రిల్ నుంచి 6 శాతం కాంపొజిషన్ ఉంది, అంటే మొత్తం రాబడి మీద ఒకే తక్కువ రేటుకి పన్ను కట్టే పద్ధతి. అందులో పన్ను విడిగా వసూలు చెయ్యకూడదు, మన జేబులోంచే కట్టాలి. అద్దెకి తీసుకున్నవారికి తమ పన్నులోంచి తగ్గించుకునే క్రెడిట్ రాదు. కంపెనీలకి, హోటళ్లకి ఎక్కువగా వేసే షాపైతే ఆలోచించుకోవాలి. ఈ షాపుకి వచ్చేవి పెళ్లిళ్లు, దినాలు, వినాయక చవితి పందిళ్లు. అందుకని అదే తీసుకుని, రేట్లు కొత్తగా వేసుకున్నాం.

మూఢం

2023లో ఆషాఢం, దాని వెనకే అధిక శ్రావణం వచ్చి రెండు నెలలు ఖాళీ. ఆ దెబ్బ తగిలాక ప్రతి బిల్లులోంచి పదో వంతు వేరే ఖాతాలో వెయ్యడం మొదలుపెట్టాం. పిన్నిగారు దాన్ని మూఢం డబ్బు అంటారు. పంచాంగం ముందే చేతికొచ్చే వ్యాపారం ఇది. ఏ నెల రాబడి ఉండదో ఏడాది ముందే అచ్చులో ఉంటుంది. అయినా ప్రతిసారీ వడ్డీకి తెచ్చుకునేవారు.

2024లో మే, జూన్ నెలల్లో గురు మూఢం, శుక్ర మూఢం రెండూ కలిశాయి, వెనకే ఆషాఢం. మామూలుగా వైశాఖం, జ్యేష్ఠం ఈ షాపుకి ప్రాణం. ఆ ఏడు మే 13న పోలింగ్ కాబట్టి దానికి ముందు సభలకి కుర్చీలు, షామియానాలు కొంత వెళ్లాయి. సభలకి పూర్తి డబ్బు ముందే ఇస్తేనే బండి కదలాలన్న నియమం బాబాయిగారే పెట్టారు, పాత బాకీల అనుభవంతో. మిగతా రోజులు ఆరుగురికీ మూఢం డబ్బులోంచి జీతాలిచ్చారు. పూర్తిగా కాదు, మూడు వంతుల జీతం. ఆ మూడు నెలల్లో ఇత్తడి గుండిగలకి కళాయి వేయించారు, చిరిగిన షామియానాలు కుట్టించారు, పైపులకి తుప్పు గీకి రంగేశారు. శ్రావణం మొదలయ్యేసరికి ఆరుగురూ షాపులోనే ఉన్నారు. అంతకుముందు ఇలాంటి ఖాళీలో ఇద్దరు చేపల చెరువుల పనికి పోయి తిరిగి రాలేదు.

2025 జనవరిలో మళ్లీ పుష్యమాసంలో లెక్కపెట్టాం. ఏడాదిలో పోయిన కుర్చీలు 21. ఒక ముహూర్తానికి అయిదు పెళ్లిళ్లు చేసిన రోజులు ఏడు. కొత్తగా కొన్నవి విరిగిన వాటి బదులు కొన్న 80 మాత్రమే.

కుదరనిది ఒకటి మిగిలింది: వంట సామాను. గరిటెలు, జల్లిగరిటెలు, చట్రాలు, కత్తిపీటలు. భోజనాలయ్యాక వంటవాళ్లు కడగకుండానే గుండిగల్లో పడేసి వెళ్లిపోతారు. అర్ధరాత్రి జిడ్డు చేతులతో వాటిని ఎవరూ లెక్కపెట్టరు, స్లిప్పులో ఆ గడి ఖాళీగానే వస్తోంది. ఈ మధ్య చిన్నబ్బాయి ఒక ఆలోచన చేశాడు. చెక్క బోర్డు మీద ఒక్కో గరిటె ఆకారం నల్ల రంగుతో గీయించి, మేకు కొట్టించాడు. బోర్డు మొత్తం సామానుతో పాటే పెళ్లింటికి వెళ్తుంది, వంటపాక గుంజకి కడతారు. ఖాళీగా కనిపించిన ఆకారం అంటే ఆ గరిటె ఇంకా ఏదో గుండిగలో ఉన్నట్టు. మొదటి రెండు పెళ్లిళ్లలో వంటమేస్త్రీలు దాన్ని పక్కన పెట్టేశారు. మూడో పెళ్లిలో ఒక వంటావిడ, చెయ్యి చాపితే అందుతున్నాయని, తనంతట తనే వాటిని అక్కడ తగిలించుకుంది. ఆవిణ్ణి అడిగి బోర్డు ఎత్తు ఒక జానెడు తగ్గించాం.